తొమ్మిదేళ్ళ పసుపు లైటు

చేతిబండి దినచర్య పుస్తకం

బండి: చేత్తో తోలే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, ఎరుపు రంగు. ముద్దుపేరు మిరపకాయ. (ముద్దుపేరుకు గడి లేదు. పైన కాస్త చోటుంటే రాశాను.)

యజమాని: కొండ్రు సలోమి.

రాసేవారు: ఆమె తండ్రి ఏసుపాదం, ఏడో తరగతి, పాత మెకానిక్, ఆటోనగర్, బెజవాడ.

నమోదు 1. నవంబరు 2, పొద్దున

లోపం అన్న గడిలో ముందుగా నా సంతోషం రాస్తున్నాను, బళ్ళ పరీక్ష ఆఫీసు వారు మన్నించాలి. మా అమ్మాయి లేస్తోంది! మందు వచ్చిందట! ఈ నెల ఇరవైన మంచుగదిలోంచి బయటికి తీసి వెచ్చబెడతారట, ఇరవై ఎనిమిదిన ఇంటికి పంపుతారట. ఆసుపత్రి వాళ్ళ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పక్క షెడ్డు సుభానీ చేత ఐదోసారి చదివించుకున్నాను. వాడు చదువుతూ చదువుతూ మధ్యలో ఆగి ముక్కు చీదుకున్నాడు.

ఊపిరితిత్తుల జబ్బుతో సలోమి నిద్రలోకి వెళ్ళి తొమ్మిదేళ్ళు. మంచులో వయసు నడవదట. ఇరవై ఆరేళ్ళకు పడుకున్న పిల్ల ఇరవై ఆరేళ్ళకే లేస్తుంది. నేను మాత్రం అరవై నాలుగు నుంచి డెబ్బై మూడుకు వచ్చేశాను. ఆ సంగతి తనకు ఎట్టా చెప్పాలో ఇంకా ఆలోచించలేదు.

ఇప్పుడు బండి సంగతి. ఈ మిరపకాయ సలోమిది. తుక్కు యార్డులో డొక్కుగా పడి ఉంటే కొనుక్కొచ్చి, నాతో కలిసి మూడేళ్ళు కూర్చుని కట్టుకుంది. వాళ్ళమ్మ సలోమికి ఆరేళ్ళప్పుడే పోయింది, అందుకని పిల్ల నా షెడ్డులోనే పెరిగింది. ఎనిమిదో ఏట నా పక్క సీట్లో కూర్చుని, నేను క్లచ్ తొక్కితే తను గేరు వేసేది. రెండు చేతులతో వేసేది, పళ్ళు బిగించి.

ఆసుపత్రికి కూడా తనే తోలుకుని వెళ్ళింది. నేను పక్కన కూర్చున్నాను. కాలువ గట్టు మీద ఉండగా బండి రెండుసార్లు తన్నినట్టయింది, మీటర్ల మధ్య పసుపు రంగు ఇంజను బొమ్మ వెలిగింది. సలోమి ఆయాసంలోనే నవ్వింది. "మెకానిక్ కూతురి బండికి లైటా! చూడు నాన్నా" అంది. "నువ్వొచ్చాక చూద్దాంలేమ్మా" అన్నాను.

అది ఇంకా వెలుగుతూనే ఉంది.

తోలేవాడు లేకుండా వాటంతటవే నడిచే గూటిబళ్ళు వచ్చాక చేత్తో తోలే బళ్ళు ఊళ్ళో పదకొండే మిగిలాయని ఆఫీసు వారికి తెలుసు. ఈ నెల ముప్పైతో వాటి పర్మిట్లు కూడా రద్దు. ఇరవై ఎనిమిదిన నా కూతుర్ని దాని బండిలోనే ఇంటికి తీసుకురావాలి. రోడ్డెక్కాలంటే పసుపు లైటు ఆరాలి, పరీక్ష నెగ్గాలి. ఇన్నాళ్ళూ 'నిలిపి ఉంచిన బండి' కింద లెక్క కాబట్టి లైటు ఉన్నా ఎవరూ ఏమీ అనలేదు. నెలకోసారి యార్డులో తిప్పి మళ్ళీ గుడ్డ కప్పేవాణ్ణి.

సుభానీ దగ్గర బండి కంప్యూటరులోని లోపం కోడు చదివే, అద్దం పగిలిన పాత స్కానరు ఉంది. పెట్టి చూశాను. అదే కోడు, పి సున్నా నూట డెబ్బై ఒకటి. అంటే ఇంజనుకు గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ.

కోడు కింద ఇంకోటి ఉంటుంది. లైటు వెలిగిన క్షణాన బండి ఎట్టా ఉందో కంప్యూటరు ఫొటో తీసినట్టు దాచుకుంటుంది. వేగం అరవై రెండు. ఇంజను చుట్లు మూడు వేల ఒక వంద. వేడి ఎనభై తొమ్మిది. ఆ వేగానికి ఆ చుట్లంటే బండి మూడో గేరులో ఉన్నట్టు. నాలుగు వెయ్యాల్సిన చోట వెయ్యలేదు సలోమి. గేర్లు తప్పే పిల్ల కాదు. ఎందుకు వెయ్యలేదో నేనప్పుడు అడగలేదు.

కోడు తుడిస్తే ఆ ఫొటో కూడా పోతుంది. తొమ్మిదేళ్ళలో రెండుసార్లు బ్యాటరీ మార్చాను. రెండుసార్లూ ఇంకో బ్యాటరీ వైర్లతో తగిలించాకే పాతది ఊడదీశాను, కరెంటు ఒక్క క్షణం కూడా ఆగకుండా.

చేసిన పని: ఏమీ లేదు. సంతోషించాను.

నమోదు 2. నవంబరు 4, మధ్యాహ్నం

ఒక భయం రాయాలి. సలోమి ఆసుపత్రికి బయల్దేరే ముందు రోజు గాలి ఫిల్టరు మార్చింది నేనే. కళ్ళనిండా నీళ్ళతో మార్చాను. క్లిప్పు సరిగా బిగించానో లేదో గుర్తు లేదు. క్లిప్పు వదులైతే దొంగగాలి లోపలికి పోతుంది, ఈ కోడే వస్తుంది. అంటే నా బిడ్డ ఆఖరుసారి తోలిన బండి నా చేతకానితనం వల్ల తన్నిందన్నమాట. చూడ్డానికి తొమ్మిదేళ్ళుగా చెయ్యి రాలేదు.

ఇవాళ సుభానీ నా చేతిలో స్క్రూడ్రైవరు పెట్టాడు. "చూడరా ఏసూ. పిల్ల లేచి అడిగితే ఏం చెప్తావ్? తెలీదు, భయమేసి చూళ్ళేదని చెప్తావా?"

చూశాను. క్లిప్పు బిగుతుగానే ఉంది! మూడు చుట్లు తిప్పితేగాని వదులు కాలేదు! సుభానీని పట్టుకుని ఊపేశాను. "నడుమురా, నడుము! నువ్వు కడతావా ఆసుపత్రి బిల్లు?" అని అరిచాడు.

మరి గాలి ఎటునుంచి వస్తోంది? సుభానీ సాంబ్రాణి పద్ధతి చేశాడు. డబ్బాలో నిప్పుల మీద సాంబ్రాణి వేసి, గొట్టంతో ఆ పొగ ఇంజను గాలిదారిలోకి ఊదాలి. ఎక్కడ చీలిక ఉంటే అక్కడ పొగ బయటికొస్తుంది. షెడ్డంతా చర్చీలా గుమగుమలాడింది. రబ్బరు గొట్టం మడతలో వెంట్రుకవాసి చీలిక, అందులోంచి సన్నగా పొగ! ఇద్దరం చప్పట్లు కొట్టాం.

గొట్టం మార్చాను. లోపం లేకుండా మూడుసార్లు తిరిగితే లైటు తనంతట తానే ఆరుతుంది. యార్డులో మూడు కాదు, ఆరుసార్లు తిప్పాను.

ఆరలేదు.

నమోదు 3. నవంబరు 11, పొద్దున

గాలిని కొలిచే తీగ కడిగాను. పొగగొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సరు మార్చాను, పాతది కాకుండా సుభానీ దాచుకున్న కొత్తది. ఇంధనం వడపోత మార్చాను. తాళం తిప్పినప్పుడల్లా పసుపు బొమ్మ నన్ను చూసి నవ్వుతోంది.

పరీక్ష ఆఫీసరు ఇందుమతి గారు మొదటిసారి వచ్చారు. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. మాట తక్కువ మనిషి. ముందు ఈ పుస్తకమే అడిగారు. నిలబడే చదివారు.

"ఏసుపాదం గారూ, ఇది లోపం రాసే గడి. ఇక్కడ మీరు మీ అమ్మాయి ఎనిమిదో ఏట సంగతి రాశారు."

"చోటు చాల్లేదు మేడమ్, లేకపోతే ఏడో ఏటిది కూడా రాద్దును."

ఆమె నవ్వలేదు. పెన్ను మూత మాత్రం రెండుసార్లు తీసి పెట్టారు. "చూడండి, లైటు తనంతట తాను ఆరాలి. మీరు ఆర్పితే నాకు తెలిసిపోతుంది. ఇరవై ఒకటిన వస్తాను."

"ఆర్పను మేడమ్. యాభై ఏళ్ళు చేశానమ్మా ఈ పని."

ఈ మాట నేనే అన్నానని ఇక్కడ రాసి పెడుతున్నాను, ముందు ముందు పనికొస్తుంది.

నమోదు 4. నవంబరు 20, సాయంత్రం

చూశాను! అద్దంలోంచి చూశాను! అదే ముఖం, అదే పిల్ల. కుడిచేతి బొటనవేలి మీద ఆ చిన్న మచ్చ కూడా ఉంది, వెల్డింగు నిప్పురవ్వ పడ్డ మచ్చ! నర్సు వేడిగుడ్డ మార్చుతుంటే వేళ్ళు కదిలాయి. ఎట్టా కదిలాయంటే గేరు రాడ్డు మీద పెట్టినట్టు ముడుచుకున్నాయి. నేను గట్టిగా అరిస్తే నర్సు వచ్చి, "తాతగారూ, ఇక్కడ ఇంకా పడుకున్నవాళ్ళున్నారు" అంది. వాళ్ళు తొమ్మిదేళ్ళు, పదేళ్ళు లేవనివాళ్ళు. నా అరుపుకు లేస్తే మంచిదే గదా అన్నాను.

గూటిబండిలో తిరిగొచ్చాను. "దయచేసి కూర్చోండి, మీ గుండె వేగం ఎక్కువగా ఉంది" అంటూనే ఉంది ఆ బండి దారి పొడుగునా. "ఉండాలే, ఇవాళ ఉండాలి" అన్నాను దానికి.

షెడ్డుకు వచ్చి గుడ్డ తీశాను. పసుపు లైటు. ఎనిమిది రోజులే ఉంది. కూతురు లేచిన రోజున ఆ లైటు మొహం చూడబుద్ధి కాలేదు. ఆటోనగర్లో పుట్టిన ప్రతివాడికీ తెలిసిన చిట్కా ఒకటుంది, పదో నంబరు స్పానరుతో బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి పావుగంట ఉంచటం. వందల బళ్ళకు చేశాను. ఆనందంలో చెయ్యి దానంతటదే వెళ్ళింది. ఊడదీశాను. టీ తాగాను. మళ్ళీ బిగించి తాళం తిప్పాను.

లైటు లేదు! తొమ్మిదేళ్ళ తర్వాత మీటర్ల మధ్య చీకటి! బండి చుట్టూ చిందేశాను.

రెండో చుట్టులో ఫొటో గుర్తొచ్చింది.

స్కానరు పెట్టాను. 'దాచినదేమీ లేదు' అని వచ్చింది.

అరవై రెండు, మూడు వేల ఒక వంద, ఎనభై తొమ్మిది. అంకెలు నాకు నోటికొచ్చు. కానీ అవి నా కూతురి పాదం తొక్కితే పడ్డ అంకెలు. ఇప్పుడవి నా చేతిరాతలోనే ఉన్నాయి, బండిలో లేవు. కింద కూర్చుండిపోయాను.

సుభానీ వచ్చి చూశాడు, విన్నాడు. "పిల్లే వస్తుంటే ఫొటో కోసం ఏడుస్తావేంట్రా పిచ్చోడా" అన్నాడు. అని తనూ పక్కన కూర్చున్నాడు.

నమోదు 5. నవంబరు 21, పొద్దున

ఇందుమతి గారు స్కానరు చూడగానే నా వైపు చూశారు. బండి తనను తాను పరీక్షించుకునే ఖానాలు ఎనిమిది. బ్యాటరీ ఊడదీస్తే అవీ తుడుచుకుపోతాయి. ఎనిమిదీ ఖాళీ.

"టెర్మినల్ తీశారు."

"తీశానమ్మా."

"యాభై ఏళ్ళు చేశానన్నారు."

"యాభై ఏళ్ళూ ఇదే చేశానమ్మా, అదే ఖర్మ."

ఈసారి నవ్వు వచ్చింది, మూతి బిగబట్టుకున్నారు. కానీ పుస్తకంలో ఎర్ర సిరాతో 'నెగ్గలేదు' అని రాశారు. ఇరవై ఏడు పొద్దున ఆఖరి అవకాశమట. ఎనిమిది ఖానాలూ నిండాలి, లైటు రాకూడదు. లేకపోతే సలోమి గూటిబండిలోనే ఇంటికొస్తుంది. "కూర్చోండి, బెల్టు పెట్టుకోండి" అని దాని చేత చెప్పించుకుంటూ. మిరపకాయను ఇంకెప్పటికీ రోడ్డు మీద చూడదు.

సాయంత్రానికి యార్డులో నాలుగు చుట్లు తిప్పేసరికి పసుపు బొమ్మ మళ్ళీ వెలిగింది. అదే కోడు.

నమోదు 6. నవంబరు 23, మధ్యాహ్నం

సలోమి మాట్లాడింది! ఆసుపత్రి వాళ్ళు ఫోను కలిపారు. గొంతు గాలిలా ఉంది.

"నాన్నా."

నేను నాలుగుసార్లు అమ్మా, అమ్మా అన్నాను.

"లైటు ఏమైంది నాన్నా?"

చూశారా! తొమ్మిదేళ్ళు పడుకుని లేచి అడిగిన మొదటి మాట! పిల్ల లెక్కలో మొన్ననే గదా అది వెలిగింది.

"చూస్తున్నానమ్మా."

"ఇంకా చూస్తున్నావా? నేను పడుకుని ఎన్నాళ్ళయిందట? వీళ్ళెవరూ సరిగ్గా చెప్పట్లేదు."

"కొన్నాళ్ళయిందిలే. తిన్నావా?"

"తింటానే ఉన్నా. ఏంటో నాన్నా, ఇప్పుడు తిండంతా పలచగా ఉంది. పేరు పప్పన్నమే, ముద్ద ముద్దలాగే ఉంది, సత్తువ లేదు. రెండు ప్లేట్లు తింటేగాని కడుపు నిండినట్టుండట్లేదు. నాకేదో జబ్బు మిగిలిందేమోనని భయమేసి డాక్టర్ని అడిగా. జబ్బు కాదంట, తిండే మారిందంట."

ఫోను పెట్టేశాక పిల్ల మాటలే బుర్రలో తిప్పుకున్నాను. పేరు అదే, సత్తువ లేదు. రెండు ప్లేట్లు. జబ్బు కాదు.

లేచి డబ్బాలోంచి పెట్రోలు తీశాను. బంకులో చేతిబళ్ళకు మిగిలిన ఒక్క పంపులో పట్టించింది, ఆ పంపు మీద ఇప్పటికీ పెట్రోలు అనే రాసి ఉంటుంది. గాజు బుడ్డిలో సగం నీళ్ళు, సగం పెట్రోలు పోసి ఊపాను. పెట్రోలైతే నీళ్ళ మీద తేలి మధ్యలో గీత కనపడాలి.

గీత లేదు. రెండూ కలిసిపోయాయి. అది పెట్రోలు కాదు, స్పిరిట్టు!

పరుగున బంకుకు వెళ్ళాను, అంటే డెబ్బై మూడేళ్ళ పరుగు. పంపు చూసుకునే ఆవిడ నన్ను వింతగా చూసింది. "పెట్రోలు ఎక్కడిది బాబాయ్! ఇది నాచు సారం, నాచు పులియబెట్టి తీసే స్పిరిట్టు. మేం మార్చి తొమ్మిదేళ్ళు దాటింది. పైన బోర్డు మార్చలేదంతే."

"ఏ నెలలో మార్చారమ్మా?"

పాత రిజిస్టరు తీసి చూపించింది. సలోమి ఆసుపత్రికి వెళ్ళిన వారమే. ముందు రోజు నేనే ట్యాంకు నింపించాను, దారిలో ఇబ్బంది పడకూడదని.

స్పిరిట్టు పలచన. అదే చెంచాడు పోస్తే ఇంజనుకు చాలదు, దాదాపు ఒకటిన్నర చెంచాలు కావాలి. కంప్యూటరు తన చేతనైనంత ఎక్కువ పోసి పోసి, ఇంక నావల్ల కాదని లైటు వెలిగించింది. క్లిప్పు కాదు, గొట్టం కాదు, సెన్సరు కాదు. బండికి జబ్బే లేదు! పాత పెట్రోలు రుచి కోసం తొమ్మిదేళ్ళుగా వెతుక్కుంటోంది, అంతే. నేను కూడా నెలనెలా ఆ సారమే తెచ్చి పోసి, ఎందుకు వెలుగుతోందా అని చూస్తూ కూర్చున్నాను.

నమోదు 7. నవంబరు 26, పొద్దున

ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లు పెద్దవి కావాలి. సుభానీ తన షెడ్డంతా కిందా మీదా చేసి, పాత వ్యానువి నాలుగు తీశాడు, నూనె గుడ్డలో చుట్టి బిస్కెట్ల డబ్బాలో దాచినవి. "ఎందుకు దాచానో నాకే తెలీదు" అన్నాడు. నాకు తెలుసు. వాడు ఏదీ పారెయ్యలేడు.

పెట్టి స్టార్టు చేశాను. ఆ చప్పుడు! తొమ్మిదేళ్ళుగా దగ్గుతున్న ఇంజను గొంతు విప్పింది. ఆటోనగర్లో గూటిబళ్ళ తలుపులు బాగుచేసుకునే వాళ్ళంతా పని ఆపి బయటికొచ్చి నిలబడ్డారు. ఒక ముసలాయన కళ్ళు మూసుకుని విన్నాడు. పొగ మాత్రం కల్లుపాక వాసన.

ఖానాలు నిండాలంటే ఒకే వేగంలో పది నిమిషాలు తోలాలి. యార్డు చాలదు. ఇందుమతి గారికి ఫోను చేసి, బుడ్డి సంగతంతా చెప్పాను.

"మా ఆఫీసు ట్రాకు పొద్దున ఆరింటి నుంచి ఏడింటిదాకా ఖాళీ" అన్నారు.

నిన్నా ఇవాళా ఆమె ట్రాకు అంచున గొడుగు పట్టుకుని నిలబడితే నేను తోలాను. ఒక్కో ఖానా నిండినప్పుడల్లా తన స్కానరులో చూసి వేళ్ళు చూపించారు. ఐదు. ఆరు. ఏడు.

నమోదు 8. నవంబరు 27, పొద్దున

ఎనిమిది! లైటు లేదు! ఆర్పింది కాదు, ఆరింది!

ఇందుమతి గారు నీలం సిరాతో 'నెగ్గింది' అని రాశారు. పుస్తకం తిరిగిస్తూ, "రేపటి నమోదు నాకు చదవటానికి పంపండి. గడిలో పట్టకపోయినా సరే" అన్నారు.

నమోదు 9. నవంబరు 28, మధ్యాహ్నం

తీసుకొచ్చాను.

ఆసుపత్రి గుమ్మం దగ్గర చేతికర్ర పట్టుకుని నిలబడి ఉంది. ముందు బండిని చూసింది. తర్వాత నన్ను చూసింది. చాలాసేపు చూసింది.

"ఇంత ముసలాడివైపోయావేంటి నాన్నా!"

"నువ్వు లేటు చేశావమ్మా."

పది అడుగులు తనే నడిచి వచ్చి, నా తల పట్టుకుని తన భుజానికి ఆనించుకుంది. ఇదివరకు నేను చేసేవాణ్ణి ఆ పని.

తోలతానంది. కాళ్ళల్లో బలం లేదు. "నువ్వు క్లచ్ తొక్కు, గేరు నేనేస్తా" అంది. ఎనిమిదో ఏట లాగే పక్క సీట్లో కూర్చుని, రెండు చేతులూ రాడ్డు మీద పెట్టింది. ఒకటి. రెండు. దారిలో గూటిబళ్ళు వాటంతటవే పక్కకు ఒదిగాయి. ఊరు ఎంత మారిందో చూస్తోంది.

"లైటు ఏదీ?" అంది.

"లేదమ్మా."

"ఎందుకు వెలిగిందంట మరి?"

"నీ బండికేం కాలేదు. పెట్రోలు మారింది. పాతది కావాలని అడిగింది."

"ఇన్నేళ్ళూనా?"

"ఇన్నేళ్ళూ."

మీటర్ల మీద చెయ్యి పెట్టి నిమిరింది. "పిచ్చిది" అంది.

కాలువ గట్టు ఎక్కాం. మూడు వేసింది. నీళ్ళ మీద ఎండ పడుతోంది. వేగం అరవై దాటింది, నేను క్లచ్ తొక్కాను. సలోమి చేతులు కదల్చలేదు.

"నాలుగు వెయ్యమ్మా."

"వద్దు నాన్నా."

"ఇంజను అరుస్తోందమ్మా."

"అరవనీ. నాలుగేస్తే ఉరుకుద్ది, గట్టు తొందరగా అయిపోద్ది." కాలువ వైపు చూస్తూ అంది. "ఆ రోజు కూడా అందుకే వెయ్యలేదు."

క్లచ్ వదిలేశాను. మూడులోనే ఉంచాం, గట్టు చివరిదాకా.

వేగం అరవై రెండు. చుట్లు మూడు వేల ఒక వంద. వేడి ఎనభై ఎనిమిది. పసుపు లైటు లేదు. లోపం ఉంటేనే కంప్యూటరు ఫొటో తీస్తుంది, ఈసారి తియ్యలేదు. అందుకని నేనే చేత్తో రాసి పెడుతున్నాను.